దేశం సంపన్నమైతే రోడ్డు మరణాలు వాటంతట అవే తగ్గుతాయా?

మీరు అడిగింది ఇదీ: "ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం దేశాల తలసరి ఆదాయం ఒకవైపు, లక్ష జనాభాకు రోడ్డు మరణాలు మరోవైపు పెట్టి గ్రాఫ్ గీశాను. పేద దేశాల్లో ఎక్కువ, ధనిక దేశాల్లో తక్కువ వచ్చింది. అంటే అభివృద్ధి జరిగితే ప్రమాదాలు వాటంతట అవే తగ్గుతాయనేగా? మా ప్రొఫెసర్ మాత్రం ముందు పెరుగుతాయి అంటున్నారు. ఏది నిజం?"

మీ ప్రొఫెసర్ గారు చెప్పిందే నిజం. ఆదాయం పెరగడం మొదలైనప్పుడు రోడ్డు మరణాలు పెరుగుతాయి. చాలాకాలం పెరిగి, ఒక దశ దాటాక తగ్గుతాయి. "వాటంతట అవే" అన్న మాటను మాత్రం మీ ప్రాజెక్టులోంచి తీసేయండి. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని రోడ్డు భద్రతా తనిఖీ. కొత్త రోడ్లు, వెడల్పు చేసిన రోడ్లు, పదేపదే ప్రమాదాలు జరిగే చోట్లు నడిచి చూసి, ఎక్కడ ఏం మార్చాలో రాసివ్వాలి. ఇన్నేళ్లలో మరణాలు తగ్గిన ప్రతి చోటా ఎవరో ఒకరు పనిగట్టుకుని తగ్గించినవే చూశాను. జనం జేబులో డబ్బు పెరిగినందుకే తగ్గిన రోడ్డు ఒక్కటి కూడా నాకు ఎదురుకాలేదు.

ముందు మీ గ్రాఫ్ సంగతి. అందులో అంకెలు తప్పు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం 2021లో రోడ్ల మీద చనిపోయినవాళ్లు సుమారు 11.9 లక్షల మంది. వాళ్లలో 92 శాతం తక్కువ ఆదాయ, మధ్య ఆదాయ దేశాలవాళ్లే. ప్రపంచంలోని వాహనాల్లో ఆ దేశాల వాటా మాత్రం 60 శాతం దాకానే. తక్కువ ఆదాయ దేశాల్లో లక్ష మందికి 21 మంది చనిపోతుంటే, అధిక ఆదాయ దేశాల్లో 8 మంది. మీకు వచ్చిన గీత ఇదే.

అయితే అది ఒకే రోజు తీసిన గ్రూప్ ఫొటో. అందులో పిల్లలు, పెద్దలు, ముసలివాళ్లు అందరూ ఉంటారు గానీ, వాళ్లలో ఏ ఒక్కరూ ఎలా పెరిగి పెద్దయ్యారో ఫొటో చెప్పదు. ఒక్కో దేశాన్ని విడిగా తీసుకుని యాభై అరవై ఏళ్ల లెక్కలు వరసగా పెడితే కథ మారిపోతుంది.

జపాన్‌నే తీసుకోండి. యుద్ధం తర్వాత ఆ దేశం పరుగులు తీస్తూ ఎదిగిన కాలంలోనే రోడ్డు మరణాలు కూడా ఏటేటా ఎక్కి 1970లో 16,765కు చేరాయి. అక్కడి పత్రికలు ఆ పరిస్థితిని 'ట్రాఫిక్ యుద్ధం' అన్నాయి. అదే 1970లో ట్రాఫిక్ భద్రతకు మూల చట్టం తెచ్చారు. 2022లో మరణాలు 2,610. దక్షిణ కొరియాలో శిఖరం ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది: 1991లో 13,429 మంది. 2021కి 3,000 లోపు. అమెరికాలో 1972లో 54,000 దాటి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. ఈ దేశాలు ఎదగని రోజుల్లో లక్ష జనాభాకు మరణాలు తక్కువే ఉండేవి. నడక, సైకిలు, రైలు తప్ప జనానికి వేరే దారి లేదు మరి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది ఇక్కడే తడబడతారు. మరణాలను దేనితో భాగిస్తున్నారో ముందు చూడండి. వాహనాల సంఖ్యతో భాగిస్తే గీత మొదటి నుంచీ దిగుతూనే కనిపిస్తుంది. 1949లో ఆర్.జె. స్మీడ్ అనే బ్రిటిష్ గణాంక నిపుణుడు 20 దేశాల 1938 నాటి లెక్కలు పెట్టి ఇదే చూపించాడు: జనాభాతో పోలిస్తే వాహనాలు ఎక్కువయ్యేకొద్దీ ఒక్కో వాహనానికి మరణాలు తగ్గుతాయి. ఈ లెక్క పట్టుకుని కొందరు అధికారులు "మా దగ్గర పరిస్థితి బాగుపడుతోంది" అంటారు. వాహనాలు రెట్టింపై, మరణాలు ఒకటిన్నర రెట్లయితే వాహనానికి మరణాలు తగ్గినట్టే. కానీ ఊళ్లో చావులు పెరిగాయి కదా. ఒక మనిషికి రోడ్డు మీద ప్రాణం పోయే ముప్పు ఎంతో తెలియాలంటే జనాభాతోనే భాగించాలి. అప్పుడే ఆ ఎక్కి దిగే గుట్ట కనిపిస్తుంది.

ఆ గుట్ట శిఖరం ఎక్కడుందో వెతికినవాళ్లలో ఎలిజబెత్ కోపిట్స్, మోరీన్ క్రాపర్ అనే ఆర్థికవేత్తలు ముఖ్యులు. 1963 నుంచి 1999 దాకా 88 దేశాల లెక్కలు తీసి, తలసరి ఆదాయం 1985 నాటి అంతర్జాతీయ డాలర్లలో (దేశాల మధ్య ధరల తేడా సర్దిన లెక్క అది) సుమారు 8,600కు చేరాక తలసరి మరణాలు తగ్గడం మొదలవుతుందని తేల్చారు. మీ ప్రొఫెసర్ మనసులో ఉన్నది బహుశా ఇదే అయ్యుంటుంది. మంచి పని అది. కాకపోతే దాన్ని జాతకంలా చదవకూడదు. గతంలో దేశాలు సగటున ఎలా నడిచాయో అది చెబుతుంది. మీ దేశం కూడా అన్ని డాలర్లు వచ్చేదాకా కూర్చుని చావులు లెక్కపెట్టుకోవాలని చెప్పదు.

ఇక ముందు ఎందుకు పెరుగుతాయన్నది. నా పని అంతా ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఆదాయం పెరగగానే మొదట వచ్చేది వేగం. రక్షణ వచ్చేది చాలా వెనక. ఇంట్లో నాలుగు డబ్బులు చేరగానే కొనేది కారు కాదు, బైకు. సైకిలు మీద వెళ్లే మనిషి బైకు ఎక్కాడంటే అతని వేగం మూడు నాలుగు రెట్లయింది, ఒంటి చుట్టూ ఉన్న రక్షణ మాత్రం అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. సరుకు రవాణా పెరిగి లారీలు ఎక్కువవుతాయి. నడిచేవాళ్లు ఇంకా నడుస్తూనే ఉంటారు. వీళ్లందరికీ ఉన్నది ఒక్కటే రోడ్డు. ప్రపంచంలో రోడ్డు మీద చనిపోయేవాళ్లలో సగం మందికి పైగా పాదచారులు, సైకిలు, బైకు మీద వెళ్లేవాళ్లే కావడానికి కారణం ఇదే.

ఆ తర్వాత ప్రభుత్వం చేతికి డబ్బు వస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తారు. నేను చూసిన వాటిలో మనసును బాగా కలచివేసిన చోటు ఒకటి చెప్తాను. రెండు వరసల పాత రోడ్డును నాలుగు వరసలు చేసి, మధ్యలో డివైడర్ కట్టి, దాని మీద ఇనుప కంచె వేశారు. నున్నటి తారు, తెల్లటి గీతలు, ఎటు చూసినా ముచ్చటగా ఉంది. రోడ్డుకు ఒక పక్క ఇళ్లు, రెండో పక్క బడి, బస్టాపు. దాటడానికి కట్టిన అండర్‌పాస్ కిలోమీటరుకు పైగా దూరంలో ఉంది. నేను నడుచుకుంటూ వెళ్తుంటే కంచెలో ఒకచోట రెండు కడ్డీలు మనిషి దూరేంతగా వంచి ఉన్నాయి. ఆ రెండు కడ్డీలకు మాత్రం నడుమెత్తున రంగు పూర్తిగా పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. రోజూ వందల చేతులు పట్టుకుని దూరితే తప్ప ఇనుము అలా మెరవదు. కింద మట్టిలో కాలిబాట పడిపోయింది. బడి గంట కొట్టే వేళ దాకా అక్కడే నిలబడ్డాను. పుస్తకాల సంచులతో పిల్లలు ఒక్కొక్కరే దూరి, డివైడర్ అంచున నిలబడి, వచ్చే లారీ దూరాన్ని కళ్లతో కొలుచుకుని పరుగెత్తుతున్నారు. పాత రోడ్డు మీద గుంతల వల్ల బండ్లు మెల్లగా వచ్చేవి. కొత్త రోడ్డు మీద ఆ అడ్డు లేదు. పోలీసు కాగితాల్లో అక్కడి మరణాలకు కారణం 'అజాగ్రత్తగా రోడ్డు దాటడం' అని రాసి ఉంది.

ఆ కాగితం చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ పిల్లలు చేసిన అజాగ్రత్త ఏముంది? వాళ్ల బడి అవతల ఉంది, అంతే. ఆ అండర్‌పాస్ ఎక్కడ కట్టాలో గీసినప్పుడు వాళ్లు ఎక్కడ దాటతారని ఎవరూ అడగలేదు.

వేగం అని ఊరికే అనేస్తాం గానీ, దాని లెక్క దగ్గరగా చూడాలి. పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లతో వస్తున్న కారు ముందు పిల్లవాడు అడ్డొచ్చాడనుకోండి. డ్రైవరుకు బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుంది. అన్నీ కలిపి సుమారు 13 మీటర్లలో కారు ఆగిపోతుంది. అదే కారు 50తో వస్తే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండోదానికి ఇంకా బ్రేకే పడలేదు. పిల్లవాణ్ని గుద్దేది పూర్తి 50 మీద. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొత్త రోడ్డు వేసినప్పుడు పెరిగే వేగం ఒకటి రెండు శాతంతో ఆగదు.

మరి తర్వాత ఎందుకు తగ్గుతాయి? కొంత భాగం నిజంగానే ఆదాయం తెచ్చేదే. జనం బైకు నుంచి కారుకు మారతారు. నడిచేవాళ్లు తగ్గుతారు. పాత బండ్లు పోయి మంచి బ్రేకులున్నవి వస్తాయి. అంబులెన్సు పిలిస్తే వస్తుంది, ఆసుపత్రిలో రక్తం, సర్జన్ సిద్ధంగా ఉంటారు. ఒకే రకం దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరు బతికి ఒకరు పోవడానికి చాలాసార్లు ఈ చివరిదే కారణం.

మిగతాదంతా నిర్ణయాల వల్ల వచ్చింది. భుజాన్నీ నడుమునూ పట్టి ఉంచే మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లోనే తయారు చేశాడు. పెట్టుకోవడం తప్పనిసరి చేస్తూ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో చట్టం తెచ్చింది. బ్రిటన్‌లో ముందు సీటువాళ్లకు అది తప్పనిసరి అయింది 1983లో. ఆ మధ్య పదమూడేళ్లలో బ్రిటన్ పేద దేశమేమీ కాదు. స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో' అనే విధానాన్ని ఆమోదించింది: మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు ప్రాణం పోకుండా రోడ్డు కట్టే బాధ్యత కట్టేవాళ్లది అని. మా వృత్తిలో నేను తలవంచి ఒప్పుకునే మాట ఇది. ఎదురెదురుగా వచ్చే వాహనాల మధ్య తీగల కంచె, కూడళ్లలో వేగం తగ్గించే రౌండ్‌అబౌట్లు, ఇళ్ల మధ్య 30 పరిమితి, ఇవన్నీ ఆ ఆలోచనకు సరిపోయేవే.

ఆదాయం కోసం ఆగక్కర్లేదని చూపించినది వియత్నాం. 2007 డిసెంబరు 15 నుంచి బైకు మీద వెళ్లే ప్రతి ఒక్కరూ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ పెట్టుకోవాలన్నారు. అప్పటికి అది ప్రపంచ బ్యాంకు లెక్కలో తక్కువ ఆదాయ దేశమే. జరిమానాలు గట్టిగా అమలు చేశారు. చూస్తుండగానే పెట్టుకునేవాళ్లు 90 శాతం దాటారు. చట్టానికి ముందు, తర్వాత మూడేసి నెలల ఆసుపత్రి లెక్కలు పోల్చితే తల గాయాల ముప్పు 16 శాతం, మరణాల ముప్పు 18 శాతం తగ్గాయి. ఈ 18 శాతం కోసం దేశం ముందు ధనికం కావాల్సిన పని లేకపోయింది.

దీనికి రెండో వైపు కూడా చూడండి. సౌదీ అరేబియా అధిక ఆదాయ దేశం. అయినా 2016లో అక్కడ లక్ష మందికి 28 మందికి పైగా రోడ్ల మీద చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తక్కువ ఆదాయ దేశాల సగటు కంటే అది ఎక్కువ. తర్వాత నిఘా కెమెరాలు, జరిమానాలు పెంచి బాగా తగ్గించుకున్నారు. అమెరికాలో 2021లో లక్షకు దాదాపు 13 మంది. అంత ఆదాయం లేని జపాన్‌లో అందులో నాలుగో వంతు కూడా లేదు. మీ గ్రాఫ్‌లో ఈ దేశాలు గీతకు దూరంగా పడి ఉంటాయి. వాటిని తప్పు లెక్కలనుకుని తీసేయకండి. మీ ప్రాజెక్టుకు అసలు విషయం దొరికేది ఆ చుక్కల్లోనే.

ఇంకో సంగతి. దశాబ్దాల తీరు వేరు, రెండు మూడేళ్ల ఎత్తుపల్లాలు వేరు. మాంద్యం వస్తే రోడ్డు మరణాలు తగ్గుతాయి. అమెరికా రాష్ట్రాల లెక్కలు చూసిన ఆర్థికవేత్త క్రిస్టఫర్ రూమ్, నిరుద్యోగం ఒక శాతం పాయింటు పెరిగితే రోడ్డు మరణాలు సుమారు 3 శాతం తగ్గుతున్నాయని 2000లో చూపించాడు. 2007లో 41,000 దాటిన అమెరికా రోడ్డు మరణాలు 2009కి 34,000 లోపుకి వచ్చాయి. ఆ రెండేళ్లలో జనం బండ్లు నడిపిన మొత్తం దూరం తగ్గింది రెండు మూడు శాతమే. అంటే ప్రయాణం తగ్గినందువల్లే ఇంత తగ్గలేదు. ఏ ప్రయాణాలు తగ్గాయన్నది చూడాలి: కుర్రాళ్ల రాత్రి షికార్లు, సరుకు లారీల పరుగులు, తాగి నడపడం. దానికి విరుద్ధంగా 2020లో కోవిడ్ వల్ల ప్రయాణం పదో వంతుకు పైగా తగ్గినా, మరణాలు 36,000 పైచిలుకు నుంచి 39,000కు పెరిగాయి. ఖాళీ రోడ్డు చూసి వేగం పెంచారు. కాబట్టి మీ పట్టికలో రెండు మూడేళ్ల లెక్కలు మాత్రమే ఉంటే, ఏ ముగింపుకూ రాకండి.

గాయాల గురించి మీరు అడగలేదు గానీ, అడగాల్సిందే. మరణాలు తగ్గినంత వేగంగా గాయాలు తగ్గవు. ఒకప్పుడు అక్కడికక్కడే పోయే మనిషి ఇప్పుడు బెల్టు వల్ల, అంబులెన్సు వల్ల బతుకుతాడు. బతికి, వెన్నెముక దెబ్బతో మంచాన ఉంటాడు. ఏటా 2 కోట్ల నుంచి 5 కోట్ల మంది దాకా ప్రాణం పోకుండా గాయపడుతున్నారని అంచనా. అంకెల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. బీమా ఉన్న దేశంలో చిన్న గాయం కూడా నమోదవుతుంది, ఎందుకంటే కాగితం ఉంటేనే క్లెయిమ్ వస్తుంది. బీమా లేనిచోట కాలు విరిగినా ఇంటికి వెళ్లి కట్టు కట్టించుకుంటారు. అందుకని గాయాల సంఖ్యతో దేశాల్ని పోల్చితే ధనిక దేశమే ప్రమాదకరంగా కనిపించవచ్చు. నేను ఆ పోలిక ఎప్పుడూ చేయను. మరణాల లెక్కలోనూ జాగ్రత్త కావాలి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో చనిపోతే రోడ్డు మరణం అన్నది చాలా దేశాలు పాటించే నిర్వచనం. జపాన్ గురించి పైన ఇచ్చిన 1970, 2022 అంకెలు మాత్రం 24 గంటల లోపు మరణాలు. ఒకే దేశాన్ని దానితోనే పోల్చుకున్నాం గనక అక్కడ సరిపోయింది. వేరే దేశం పక్కన పెట్టేటప్పుడు 30 రోజుల లెక్కే తీసుకోండి. పోలీసు లెక్కలు, ఆరోగ్య శాఖ లెక్కలు కూడా ఒకటి కావు. పేద దేశాల్లో ఆసుపత్రిలో పదో రోజు పోయిన మనిషి పోలీసు పుస్తకంలో ఇంకా 'గాయపడిన వ్యక్తి'గానే ఉండిపోతుంటాడు.

మీ ప్రశ్న ఒకే దిశలో ఉంది: ఆదాయం ప్రమాదాల్ని ఏం చేస్తుంది అని. బాణం రెండో వైపుకూ ఉంది. రోడ్డు ప్రమాదాల వల్ల చాలా దేశాలు జీడీపీలో 3 శాతం దాకా నష్టపోతున్నాయి. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డే. చదివించి, పెంచి, ఇక సంపాదన మొదలుపెట్టబోయే మనిషిని కోల్పోవడం అది. ప్రపంచ బ్యాంకు 2017లో చైనా, ఇండియా, ఫిలిప్పీన్స్, టాంజానియా, థాయిలాండ్ దేశాల మీద ఒక లెక్క వేసింది. రోడ్డు మరణాలను, గాయాలను సగానికి తగ్గించి అలా నిలబెడితే, 24 ఏళ్లలో తలసరి జీడీపీకి దేశాన్ని బట్టి 7 నుంచి 22 శాతం అదనంగా చేరవచ్చని అందులో తేలింది. 'ముందు ఎదుగుదాం, తర్వాత భద్రత చూద్దాం' అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ లెక్కే చూపిస్తాను.

ఇక మీ ప్రాజెక్టుకు చేయాల్సిన మార్పులు. ఒక్క సంవత్సరం పట్టికతో ఆగకుండా ఐదారు దేశాలకు కనీసం ముప్పై నలభై ఏళ్ల వరస తీసుకోండి. జపాన్, కొరియా, అమెరికా, స్వీడన్ లెక్కలు తేలిగ్గా దొరుకుతాయి. లక్ష జనాభాకు, పదివేల వాహనాలకు రెండు గీతలూ పక్కపక్కన గీయండి. మరణాలను పాదచారులు, బైకులు, కార్లు అని విడదీసిన లెక్క దొరికితే తప్పకుండా పెట్టండి. మొత్తం తగ్గుతున్నా బైకులవాళ్ల మరణాలు పెరుగుతుండటం విడదీస్తే గానీ కనపడదు. వయసు కూడా చూడండి, జపాన్‌లో ఇప్పుడు చనిపోయేవాళ్లలో సగానికి పైగా 65 దాటినవాళ్లు. చివరగా ప్రతి దేశం గీత మీద హెల్మెట్ చట్టం, బెల్టు చట్టం, తాగి నడపడంపై తనిఖీలు మొదలైన సంవత్సరాల్ని నిలువు గీతలుగా గుర్తుపెట్టండి. అప్పటి తలసరి ఆదాయం ఎంతో పక్కనే రాయండి. ఆ ఆదాయాలు ఒక్కో దేశానికి ఎంత తేడాగా ఉన్నాయో చూశాక మీ ప్రొఫెసర్ గారితో మళ్లీ మాట్లాడండి. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి, నేను చూసి చెప్తాను.